కోర్సు పేజీ ఎవరి కోసం? ఎల్‌ఎంఎస్‌లో పాఠాలు సర్దే తీరు

ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఎల్‌ఎంఎస్‌లో (పాఠాలు, అసైన్‌మెంట్లు, పరీక్షలు ఆన్‌లైన్‌లో నడిపే లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో) డేటా స్ట్రక్చర్స్ సబ్జెక్టు తెరిచారనుకుందాం. పైన సిలబస్ కాపీ ఉంటుంది. దాని కింద ‘పీపీటీలు’ అని ఒక ఫోల్డర్, తర్వాత ‘నోట్స్’, ‘వీడియోలు’, ‘అసైన్‌మెంట్లు’, ‘పాత ప్రశ్నపత్రాలు’. ఫోల్డర్ తెరిస్తే ‘యూనిట్ 2 ఫైనల్’, ‘యూనిట్ 2 ఫైనల్ కొత్తది’, ‘డీఎస్ నోట్స్ స్కాన్’ లాంటి పేర్లతో పాతిక ఫైళ్లు. లేనిదంటూ ఏదీ లేదు. కానీ నిన్న క్లాసుకు రాని విద్యార్థి లింక్డ్ లిస్ట్ పాఠాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం ఆ పేజీ చెప్పదు. స్లైడ్లు ఒక చోట, వాటిని వివరించే వీడియో ఇంకో చోట, ఆ పాఠం మీద ఇచ్చిన ప్రోగ్రామ్ మరో చోట. మూడింటినీ వెతికి జత చేసుకునే పని విద్యార్థి నెత్తిన పడింది. కాసేపు వెతికి, దొరక్క, క్లాసు వాట్సాప్ గ్రూపులో ‘యూనిట్ 2 పీడీఎఫ్ ఎవరైనా పెట్టండ్రా’ అని అడుగుతాడు. అప్పటి నుంచి అతనికి కోర్సు పేజీ అంటే ఆ వాట్సాప్ గ్రూపే.

ఇందులో అధ్యాపకుల బద్ధకం ఏమీ లేదు. పాఠం తయారుచేసేటప్పుడు వాళ్ల కంప్యూటర్లో ఫైళ్లు ఉండేది రకాల వారీగానే. అదే అమరికను ఎల్‌ఎంఎస్‌లోకి ఎక్కించేస్తారు. పైగా చాలా కాలేజీల్లో ఎల్‌ఎంఎస్ మీద మొదటి ఒత్తిడి చదువు వైపు నుంచి రాదు, అక్రెడిటేషన్ (కాలేజీ నాణ్యతకు ఇచ్చే గుర్తింపు) ఫైళ్ల వైపు నుంచి వస్తుంది. ప్రతి సబ్జెక్టుకూ మెటీరియల్ ఎక్కించారా లేదా అన్నదే లెక్క. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, ఉన్నపళంగా క్లాసులు ఆన్‌లైన్‌కు మారినప్పుడు ఎక్కించిన ఫైళ్లు ఇప్పటికీ చాలా కోర్సుల్లో అలాగే ఉన్నాయి. వాటి మీద ఏటా కొత్త పొర పడుతోంది.

వంటింట్లో డబ్బాలు సర్దుకునే పద్ధతి వేరు, విస్తట్లో వడ్డించే వరస వేరు. అధ్యాపకుడికి మొదటిది చాలు. కోర్సు పేజీకి రెండోది కావాలి. పేజీ తెరిచిన విద్యార్థి మనసులో ఉండే ప్రశ్న ‘ఇక్కడ ఏమేం ఉన్నాయి’ అని కాదు, ‘ఇప్పుడు నేనేం చెయ్యాలి’ అని. పేజీ అమరిక ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే మిగతా హంగులు ఎన్ని ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాదు.

మన కాలేజీల్లో ఎక్కువగా కనిపించే ఎల్‌ఎంఎస్ మూడుల్. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో, కర్టిన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మార్టిన్ డూగియమాస్ దీన్ని మొదలుపెట్టారు. 1.0 వెర్షన్ 2002 ఆగస్టులో వచ్చింది. ఓపెన్ సోర్స్ కాబట్టి లైసెన్సు ఖర్చు లేదు, సర్వర్ ఒకటి ఉంటే చాలు. అందుకే ఇక్కడ అంతగా పాకింది. మూడుల్‌లో కోర్సు అంటే సెక్షన్ల వరస. ఒక్కో సెక్షన్‌లో రెండు జాతుల వస్తువులు ఉంటాయి. చదివేవి, చూసేవి వనరులు, చేసేవి కార్యకలాపాలు. ఫైలు, పేజీ, ఫోల్డర్, లింకు మొదటి జాతి. క్విజ్, అసైన్‌మెంట్, చర్చావేదిక రెండో జాతి. ఈ రెంటినీ ఒకే సెక్షన్‌లో పక్కపక్కన పెట్టే వీలు మొదటి నుంచీ ఉంది. అంటే చదవడం, వెంటనే దాని మీద ఏదో ఒకటి చెయ్యడం అన్నదే ఈ సాఫ్ట్‌వేర్ వెనకున్న ఆలోచన. వనరులన్నీ ఒక మూల, పరీక్షలన్నీ ఇంకో మూల పెడితే ఆ ఆలోచన అక్కడే దెబ్బతింటుంది.

సెక్షన్లను వారాల వారీగా పెట్టాలా, అంశాల వారీగా పెట్టాలా అన్నది కోర్సు మొదట్లోనే తేల్చుకోవాల్సిన సంగతి. వారాల పద్ధతి ఎంచుకుంటే కోర్సు ప్రారంభ తేదీని బట్టి మూడుల్ తానే ప్రతి సెక్షన్‌కూ తేదీలు వేస్తుంది, నడుస్తున్న వారాన్ని ప్రత్యేకంగా చూపిస్తుంది. ‘ఇప్పుడేం చెయ్యాలి’ అనే ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు లేదు. కాకపోతే అది క్యాలెండర్‌ను గుడ్డిగా నమ్ముతుంది. మధ్యలో దసరా సెలవులు వచ్చినా, మిడ్ పరీక్షలు జరిగినా, కాలేజీ ఫెస్ట్ పేరుతో మూడు రోజులు క్లాసులు పోయినా తేదీలు మాత్రం ఆగవు. అక్టోబరు వచ్చేసరికి క్లాసులో చెబుతున్న పాఠానికీ, పేజీ చూపిస్తున్న వారానికీ పొంతన ఉండదు. ఒకసారి అలా తేడా వచ్చిందంటే విద్యార్థులు ఆ తేదీలను నమ్మడం మానేస్తారు. అందుకే టైమ్‌టేబుల్ కచ్చితంగా నడవని చోట అంశాల పద్ధతే మేలు. ప్రస్తుతం నడుస్తున్న అంశాన్ని అధ్యాపకుడు చేత్తో హైలైట్ చేస్తే సరిపోతుంది. వారానికోసారి అర నిమిషం పని.

వారాల పద్ధతి పక్కాగా నడిచే చోటు చూడాలంటే ఎన్‌పీటెల్ ఉంది. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఈ ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం 2014 నుంచి సర్టిఫికెట్ కోర్సులు ఇస్తోంది. 2017 జూలైలో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ పోర్టల్ మీద అవి నడుస్తున్నాయి. మన దగ్గర బీటెక్ చదివేవాళ్లు క్రెడిట్ల కోసమో, ఆనర్స్ కోసమో వీటిలో చేరడం ఇప్పుడు మామూలే. 4, 8, 12 వారాల కోర్సులు. వారం వారం పాఠాలు విడుదల అవుతాయి, ప్రతి వారానికీ అసైన్‌మెంటు, దానికో గడువు. 12 వారాల కోర్సులో 12 అసైన్‌మెంట్లకు గాను బాగా వచ్చిన 8 తీసుకుని, వాటి సగటుకు 25 శాతం వెయిటేజీ ఇస్తారు. మిగతా 75 శాతం చివరి పరీక్షది. ఈ 8 అన్న సంఖ్యలో మంచి ఆలోచన ఉంది. గడువు గట్టిగా ఉంటుంది, అయినా జ్వరం వచ్చి ఒక వారం తప్పిపోయినవాడు కోర్సు మానేయాల్సిన పని లేదు.

స్వయం కోర్సులు నాలుగు భాగాల నమూనాను పాటిస్తాయి. వీడియో, చదివే మెటీరియల్, స్వయంగా చూసుకునే పరీక్ష, సందేహాలు అడిగే చర్చావేదిక. అక్కడ ఎదురుగా మాస్టారు లేరు. పక్క బెంచీలో అడగడానికి స్నేహితుడు లేడు. ‘తర్వాత ఏంటి’ అన్న ప్రశ్నకు పేజీ ఒక్కటే దిక్కు. కాబట్టే అక్కడ అమరిక అంత కచ్చితంగా ఉంటుంది. కాలేజీ ఎల్‌ఎంఎస్‌లో ఆ కచ్చితత్వం లేకపోవడానికి కారణం కూడా ఇదే. క్లాసులో చెబుతాం కదా అన్న ధీమా ఉంటుంది. కానీ రాత్రి పదింటికి హాస్టల్‌లో ఫోన్ తెరిచిన విద్యార్థి కూడా, ఎన్‌పీటెల్ విద్యార్థి ఎంత ఒంటరో అంతే ఒంటరి.

ఇక యూనిట్ల సంగతి. మన విశ్వవిద్యాలయాల సిలబస్‌లో ఒక సబ్జెక్టుకు మామూలుగా 5 యూనిట్లు. కాబట్టి కోర్సు పేజీలో 5 సెక్షన్లు పెట్టడం అందరికీ వెంటనే తోచే మార్గం. చూడ్డానికి చక్కగా ఉంటుంది, వాడకంలో ఇబ్బంది పెడుతుంది. ఒక యూనిట్ అంటే పది పన్నెండు క్లాసుల పాఠం. అన్ని స్లైడ్లు, వీడియోలు, లెక్కలు ఒకే సెక్షన్‌లో పోస్తే ఫోన్‌లో వేలితో లాగుతూ పోవాల్సిందే. మూడుల్ వాడేవాళ్లు దీనికి ‘స్క్రోల్ ఆఫ్ డెత్’ అని పేరు పెట్టుకున్నారు.

జేఎన్‌టీయూ పద్ధతిలో ఇంకో చిక్కు ఉంది. మొదటి మిడ్ సగం సిలబస్ మీద, అంటే రెండున్నర యూనిట్ల మీద జరుగుతుంది. మూడో యూనిట్ రెండు మిడ్‌ల మధ్య చీలిపోతుంది. మిడ్‌కు వారం ముందు ప్రతి క్లాసులోనూ వినిపించే ప్రశ్న ‘సార్, మూడో యూనిట్‌లో ఎక్కడి దాకా?’ యూనిట్ మొత్తం ఒకే సెక్షన్‌గా ఉంటే పేజీ దగ్గర దీనికి సమాధానం ఉండదు. అదే యూనిట్‌ను మూడు నాలుగు అంశాలుగా విడగొట్టి, రెండో అంశం తర్వాత ‘మొదటి మిడ్ ఇక్కడి వరకు’ అని ఒక్క లైను రాస్తే టెన్షన్ తగ్గుతుంది, అధ్యాపకుడికి ఫోన్లూ తగ్గుతాయి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన మూడుల్ 4.0లో పేజీ ఎడమవైపు కోర్సు సూచిక చేరింది. 2024 అక్టోబరులో వచ్చిన 4.5లో సెక్షన్ లోపల ఉపసెక్షన్లు పెట్టే వీలు వచ్చింది. యూనిట్ సెక్షన్‌గానూ, అంశాలు ఉపసెక్షన్లుగానూ ఉండటం మన సిలబస్ నిర్మాణానికి సరిగ్గా అతుకుతుంది. పాత వెర్షన్‌లో ఉన్న కాలేజీలైతే ‘2.1 లింక్డ్ లిస్ట్’, ‘2.2 స్టాక్’ అని సెక్షన్ పేర్లకే అంకెలు వేసుకోవచ్చు.

ఒక అంశాన్ని దగ్గరగా చూద్దాం. ‘2.1 సింగ్లీ లింక్డ్ లిస్ట్: నోడ్ చేర్చడం, తీసేయడం’. అన్నిటికన్నా పైన రెండు వాక్యాలు ఉండాలి: అర్రేలో మధ్యలో ఒక విలువ చేర్చాలంటే మిగతావన్నీ జరపాలి, ఆ శ్రమ లేకుండా చేసే పద్ధతి ఇది, ఈ పాఠం అయ్యాక మూడు చోట్ల నోడ్ చేర్చే కోడ్ మీరే రాయగలగాలి. ఎందుకు చదువుతున్నామో, చదివాక ఏం చేతకావాలో తెలిసిపోయింది. ఆ తర్వాత చిన్న వీడియో. దాని కిందే పాయింటర్లు ఎలా మారతాయో చూపే బొమ్మ, ఆ బొమ్మ పక్కనే కోడ్. ఆ తర్వాత నాలుగు ప్రశ్నల క్విజ్, మార్కులు లేకుండా, ఎన్నిసార్లైనా రాసుకునేలా. దాని తర్వాత ల్యాబ్ ప్రోగ్రామ్ సమర్పించే చోటు. డబ్లీ లింక్డ్ లిస్ట్ మీద అదనపు మెటీరియల్ ఉంటే చివర్లో, ‘ఆసక్తి ఉంటే’ అని చెప్పి మరీ పెట్టాలి. తప్పనిసరిగా చదవాల్సినదీ, చదవకపోయినా ఫర్వాలేనిదీ ఒకే వరుసలో ఒకే తీరుగా కనిపిస్తే సగటు విద్యార్థి రెండూ వదిలేస్తాడు.

బొమ్మ పక్కనే కోడ్ ఉండాలి అన్నది అందం కోసం చెప్పిన మాట కాదు. బొమ్మ ఒక ఫైలులో, దాని వివరణ ఇంకో ఫైలులో ఉంటే రెండింటి మధ్య తిరగడానికే మెదడు శక్తి ఖర్చవుతుంది, పాఠానికి మిగిలేది తక్కువ. ఆస్ట్రేలియా విద్యా మనస్తత్వవేత్త జాన్ స్వెల్లర్ 1988లో ప్రతిపాదించిన కాగ్నిటివ్ లోడ్ సిద్ధాంతం నుంచి తేలిన ముఖ్యమైన సంగతుల్లో ఇదొకటి. వీడియో నిడివికీ ఆధారం ఉంది. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలోని 4 కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా సగటు విద్యార్థి చూసేది మహా అయితే 6 నిమిషాలని తేలింది. 50 నిమిషాల క్లాసు రికార్డింగ్‌ను అలాగే ఎక్కించడం కన్నా దాన్ని అంశాల వారీగా ముక్కలు చెయ్యడం మంచిది. అంత తీరిక లేకపోతే ‘12వ నిమిషం: నోడ్ చేర్చడం, 31వ నిమిషం: తీసేయడం’ అని కింద రాసినా సగం పని అయినట్టే.

ఏ రూపంలో ఎక్కించాలి అన్నదాని మీద మన దగ్గర పట్టింపు తక్కువ. చేతిరాత నోట్స్‌ను ఫోన్‌తో స్కాన్ చేసి పీడీఎఫ్ చేస్తే అది పదుల ఎంబీల ఫైలు అవుతుంది. ఫోన్ తెరమీద జూమ్ చేసి అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి, అందులో ఒక పదం వెతికితే దొరకదు. అదే విషయాన్ని మూడుల్‌లో ‘పేజీ’ అనే వనరుగా టైప్ చేస్తే తెర ఎంత చిన్నదైనా అక్షరాలు సర్దుకుంటాయి, డౌన్‌లోడ్ గొడవ ఉండదు, తప్పు దొర్లితే అక్కడికక్కడే దిద్దొచ్చు. విషయం పెద్దదైతే అధ్యాయాలుగా విడగొట్టుకునే ‘బుక్’ అనే వనరు కూడా ఉంది.

తెలుగులో పాఠాలు పెట్టేవాళ్లకు ఈ సమస్య ఇంకా పెద్దది. డిగ్రీ కాలేజీల తెలుగు మాధ్యమం నోట్స్ చాలావరకు అను ఫాంట్లలో టైప్ చేసినవి. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ లోపల ఉన్నది తెలుగు అని కంప్యూటర్‌కు తెలియదు. కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, వెతికితే దొరకవు, చూపులేని విద్యార్థి వాడే, తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాటిని చదవలేదు. ఆ నోట్స్‌ను ఒక్కసారి, తెలుగు అక్షరాలను కంప్యూటర్ తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌కు మార్చుకుంటే ఈ మూడు బాధలూ పోతాయి. తెలుగు, ఇంగ్లిష్ రెండూ కావాల్సిన కోర్సులకు మూడుల్‌లో బహుభాషా ఫిల్టర్ ఉంది. అడ్మిన్ దాన్ని ఆన్ చేసి ఉంచితే ఒకే పేజీలో రెండు భాషల పాఠమూ రాసిపెట్టొచ్చు, ఎవరు ఏ భాష ఎంచుకుంటే వాళ్లకు అదే కనిపిస్తుంది. రెండు మాధ్యమాలకు రెండు కోర్సులు తెరిచి, ఒకదాంట్లో దిద్దిన తప్పు రెండోదాంట్లో అలాగే మిగిలిపోయే దుస్థితి ఉండదు.

పేర్ల విషయం చిన్నదే, ఫలితం పెద్దది. ‘అసైన్‌మెంట్ 2’ అన్న పేరు ఏమీ చెప్పదు. ‘లింక్డ్ లిస్ట్ ప్రోగ్రామ్ సమర్పించండి’ అంటే ఏం చెయ్యాలో తెలిసిపోతుంది. ఫైలు సవరించినప్పుడు కొత్తది పక్కన ఎక్కించకుండా పాత లింకులోనే ఫైలును మార్చాలి. లింకు అదే ఉంటుంది, ఏది ఫైనల్ అన్న అయోమయం ఉండదు.

మూడుల్‌లో రెండు సౌకర్యాలు సరిగా వాడితే వరం, అతిగా వాడితే శాపం. మొదటిది పూర్తయినట్టు గుర్తించడం. ప్రతి అంశం పక్కనా ఒక గుర్తు పడుతుంది, విద్యార్థి తాను ఎక్కడి దాకా వచ్చాడో చూసుకోగలుగుతాడు. ఇది క్విజ్ రాయడం, ప్రోగ్రామ్ సమర్పించడం లాంటి పనులకు పెడితే అర్థం ఉంది. ‘తెరిస్తే చాలు, పూర్తయినట్టే’ అని పీడీఎఫ్‌కు పెడితే ఆ టిక్కు చదివాడని కాదు, నొక్కాడని మాత్రమే చెబుతుంది. అలాంటి టిక్కులు లెక్కబెట్టి క్లాసు మొత్తం చదివేసిందని నివేదికలు రాయడం తమను తాము మోసం చేసుకోవడమే.

రెండోది షరతు మీద తెరుచుకోవడం. ఫలానా క్విజ్‌లో ఇన్ని మార్కులు వస్తేనే తర్వాతి పాఠం కనిపిస్తుందని పెట్టొచ్చు. ల్యాబ్ భద్రతా నియమాలు చదవకుండా కెమిస్ట్రీ ప్రయోగంలోకి పోకూడదు అన్నలాంటి చోట్ల ఇది న్యాయమే. కానీ ప్రతి అంశానికీ తాళం వేస్తే, రెండో అంశంలో తట్టుకున్న విద్యార్థికి ఐదో అంశం కంటికే ఆనదు. పరీక్ష ముందు రోజు అతను చదవాలనుకునేది ఆ ఐదోదే కావచ్చు. షరతు పెట్టేచోట ఒక కన్ను గుర్తు ఉంటుంది. అది తెరిచి ఉంటే పాఠం పేరు, తెరుచుకోవడానికి ఏం చెయ్యాలన్నది విద్యార్థికి కనిపిస్తాయి. మూసి ఉంటే ఆ పాఠం ఉన్నట్టే తెలియదు. షరతు పెట్టాల్సి వస్తే ఆ కన్ను తెరిచే ఉంచాలి. ఏం చెయ్యాలో చెప్పకుండా దారి మూసేయడం పాఠం చెప్పే పద్ధతి కాదు.

గూగుల్ క్లాస్‌రూమ్ అనుభవం కూడా ఇక్కడ పనికొస్తుంది. 2014 ఆగస్టులో అందరు ఉపాధ్యాయులకూ అందుబాటులోకి వచ్చినప్పుడు అందులో ప్రధానంగా ఉన్నది ‘స్ట్రీమ్’. కొత్తది పైకి, పాతది కిందికి. ప్రకటనలకు అది బాగుంటుంది. పాఠాలకు పనికిరాదు. జూన్‌లో చెప్పిన పాఠం సెప్టెంబరుకు పాతాళంలో ఉంటుంది, పరీక్షకు మాత్రం అదీ కావాలి. 2018లో గూగుల్ ‘క్లాస్‌వర్క్’ అనే ప్రత్యేక పేజీ తెచ్చి, టాపిక్‌ల వారీగా పాఠాలను వరస పెట్టుకునే వీలు ఇచ్చింది. ఇప్పటికీ అన్నీ స్ట్రీమ్‌లోనే పోస్ట్ చేసే ఉపాధ్యాయులు ఉన్నారు. వార్తల వరస, పాఠాల వరస ఒకటి కావు. మూడుల్‌లోనూ ఇదే వర్తిస్తుంది. ‘రేపు క్లాసు లేదు’ అన్న మాట ప్రకటనల వేదికలో పడాలి, పాఠం సెక్షన్‌లో కాదు.

మంచి అమరిక ఫలితం రెండో ఏడాది తెలుస్తుంది. సబ్జెక్టు ఇంకొక అధ్యాపకుడికి మారినా, రెగ్యులేషన్ (విశ్వవిద్యాలయం సిలబస్ నియమావళి) మారి రెండు అంశాలు యూనిట్ 2 నుంచి 3కి జరిగినా, అంశాల వారీగా ఉన్న కోర్సులో ఆ రెండు ముక్కల్ని జరిపితే చాలు. ఫోల్డర్ల కోర్సులో పాతిక ఫైళ్లు తెరిచి చూడాలి. పాత కోర్సును కొత్త సెమిస్టర్‌కు తెచ్చుకున్నాక ‘రీసెట్’లో కొత్త ప్రారంభ తేదీ ఇస్తే అసైన్‌మెంట్ల గడువులన్నీ అన్ని రోజులే ముందుకు జరుగుతాయి. ఒక్కోటీ దిద్దక్కర్లేదు. కాకపోతే పోయినేడు దసరా దాటాక పెట్టిన గడువు ఈ ఏడు సెలవుల్లో పడిందేమో చూసుకోవాలి.

ప్రశ్నల నిధి కూడా ఇలాంటిదే. ప్రశ్నలన్నీ డిఫాల్ట్ కేటగిరీలో పడేస్తే అది గుట్ట. అంశానికో కేటగిరీ, దాని లోపల సులువు, కష్టం అని రెండు పెట్టుకుంటే, ఒక్కో కేటగిరీ నుంచి ఇన్నేసి ప్రశ్నలు యాదృచ్ఛికంగా తీసుకొమ్మని క్విజ్‌కు చెప్పొచ్చు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి వేరువేరు ప్రశ్నలు వస్తాయి, కష్టం మాత్రం సమానంగా ఉంటుంది.

కోర్సు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఆ సబ్జెక్టు తెలియని విద్యార్థి ఒకరికి ఫోన్‌లో పేజీ తెరిచి ఇచ్చి ‘నిన్న క్లాసుకు రాలేదు, స్టాక్ పాఠం చదివి దాని ప్రోగ్రామ్ సమర్పించాలి, వెతుకు’ అని చెప్పి పక్కన మౌనంగా కూర్చోవాలి. ఎక్కడ ఆగాడు, ఏది నొక్కి వెనక్కి వచ్చాడు అన్నది చూస్తే ఏం మార్చాలో తెలిసిపోతుంది.

ఇది చదివి సెమిస్టర్ మధ్యలో కోర్సు మొత్తం తిరగేయడం మాత్రం వద్దు. ఎంత గజిబిజిగా ఉన్నా, ఏది ఎక్కడుందో విద్యార్థులు ఈపాటికి కొంత అలవాటు పడి ఉంటారు. మిడ్ ముందు అది చెదిరితే నష్టం వాళ్లకే. జరిగిపోయిన యూనిట్లను అలాగే ఉంచి, రాబోయే యూనిట్‌ను మాత్రం అంశాల వారీగా పెట్టాలి. పాత యూనిట్లలో నకలు ఫైళ్లు ఉంటే వాటిని తీసేయకుండా దాచి, సరైనది ఒక్కటే కనిపించేలా చేస్తే చాలు. మిగతా సర్దుబాటు సెలవుల్లో, కోర్సు కాపీ మీద చేసుకోవచ్చు.